గ్యాసా, గుండెపోటా?



భోజనం చేసి పడుకున్న మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు. ఒళ్ళంతా చెమట. ఇంట్లోవాళ్ళు ఏమంటారు? "గ్యాసు పట్టింది, కాస్త వాము నమలండి" అంటారు. సోడా తాగిస్తారు, వీపు రాస్తారు. తెల్లారనిద్దాం అంటారు. ఆ మాట దగ్గరే చాలా ప్రాణాలు పోతున్నాయి.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో నెత్తురు గడ్డకట్టి అడ్డుపడితే, ఆ కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చచ్చినది మళ్ళీ బతకదు. గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది. 12 గంటలు దాటితే దానివల్ల ప్రయోజనం చాలా తక్కువ. అలాగని ఆలస్యమైందనుకుని ఇంట్లోనే ఉండిపోకండి.

నొప్పి ఎడమ చేతికి, మెడకు, దవడకు, వీపుకు పాకవచ్చు. పొట్ట పైభాగంలోనే ఉండవచ్చు, మనం గ్యాసనుకునేది అందుకే. చక్కెర జబ్బున్నవారికి, ముసలివారికి, ఆడవారికి ఒక్కోసారి నొప్పే ఉండదు. ఉన్నట్టుండి నీరసం, ఆయాసం, వాంతి, అంతే. "అమ్మకు గుండెజబ్బేమిటి, పనెక్కువై అలసిపోయింది" అని మాత్రం అనుకోకండి.

మనిషిని నడిపించకుండా కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. సరిహద్దు ఊళ్ళలో ఫోను అవతలి రాష్ట్రం టవరును అందుకోవచ్చు. కాబట్టి ఊరితోబాటు తాలూకా, జిల్లా, రాష్ట్రం చెప్పండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లై రక్తం పోతున్నవారు తప్ప మిగతావారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. పక్కింటాయన నాలుక కింద పెట్టుకునే మాత్ర మాత్రం వద్దు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు.

మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీయకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఆనించి, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ఆసుపత్రిలో మరో చిక్కు. "గుండెల్లో ఎట్లాగో ఉంది" అంటే అక్కడి డాక్టరుకు అర్థం కాకపోవచ్చు. కన్నడంలో ఎదె నోవు, తమిళంలో నెంజు వలి, ఒరియాలో ఛాతి జంత్రణా, మరాఠీలో ఛాతీత దుఖతయ్ అనండి. యానాంవారికి ఈ బాధ లేదు! వెళ్ళిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అడగడానికి మొహమాటపడకండి. మొదటిది బాగానే ఉందన్నా, నొప్పి తగ్గకపోతే ఇంటికి వచ్చేయకుండా మళ్ళీ తీయమనండి.