నోరు తిరగని మాటలు



మా చిన్నవాడికి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు "ర" పలికేది కాదు. రైలును "లైలు" అనేవాడు, రాముణ్ణి "లాముడు" అనేవాడు. మాకది ముచ్చటగా ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా "ఏదీ నాన్నా, రైలు అను" అని అడగడం, వాడు అనగానే అందరం పకపకా నవ్వడం ఒక వేడుకయిపోయింది. బడిలో వేసిన నెల రోజులకు పంతులమ్మగారు కబురు చేశారు. హాజరు వేసేటప్పుడు పిలిస్తే పలకడట. పేరడిగితే తల వంచుకుంటాడట. వాడి పేరు రవి. వాడికి నోరు తిరగని అక్షరం వాడి పేరులోనే మొదట ఉంది! నవ్వుతారన్న భయంతో పిల్లవాడు తన పేరు తాను చెప్పుకోవడమే మానేశాడన్నమాట. ఆ భయం నేర్పింది మేమే కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇవాళ ఈ నోరు తిరగని మాటల గురించి మీతో నాలుగు ముక్కలు చెబుదామనుకుంటున్నాను.

నోరు తిరగకపోవడం తెలివితక్కువతనం కాదు, అలవాటు లేకపోవడం. ఖ, ఘ, థ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు సంస్కృతంతోపాటు మనకు వచ్చాయి. ఇల్లు, వాకిలి, పొయ్యి, కూర, పెరుగు, అమ్మ... మన అచ్చతెలుగు మాటల్లో అలాంటి అక్షరాలు దాదాపు కనిపించవు. అందుచేత ఊళ్ళో ఉండే అవ్వ భారతాన్ని "బారతం" అంటే అది ఆవిడ నోటి తప్పు కాదు. మన పూర్వులు కథను కతగా, లక్ష్మిని లచ్చిగా, పూర్ణిమను పున్నమిగా, సముద్రాన్ని సంద్రంగా మలుచుకున్నారు. వాటికి వ్యాకరణంలో తద్భవాలని గౌరవమైన పేరే ఉంది. మా ఇంట్లో పనిచేసే లచ్చమ్మను మా మామగారు ఒకసారి "లక్ష్మమ్మ అనాలే" అని దిద్దబోయారు. "మా అమ్మ పెట్టింది లచ్చమ్మేనయ్యగారూ" అంది ఆమె. అంతే కదండీ! ఎవరి పేరు ఎలా పలకాలో ఆ పేరుగలవాళ్ళు చెప్పాలి, మనం కాదు.

మనకూ తిరగని అక్షరాలున్నాయి. పక్కింటి తమిళావిడ పండును ఏమంటారో అడిగి, అలాగే అనడానికి ప్రయత్నించి చూడండి. మనం "పళం" అంటాం, ఆవిడ ముసిముసిగా నవ్వుతుంది. వాళ్ళు అక్కడ పలికేది మన "ళ" కాదు. నాలుకను ఇంకా వెనక్కి మడిచి, అంగిలికి తగలనివ్వకుండా అనాలి. వింత ఏమిటంటే, ఆ అక్షరం ఒకప్పుడు మనకూ ఉండేది. మన పాత శాసనాల్లో కనిపిస్తుంది. పోనుపోను అది చాలా మాటల్లో "డ"గా మారిపోయింది. మన కోడిలోనూ, ఏడులోనూ "డ" ఉన్నచోట తమిళులు ఇప్పటికీ ఆ అక్షరమే పలుకుతారు.

అయితే అన్నీ వదిలేయమంటారా అని మీరు అడగవచ్చు. వద్దు. అర్థం మారిపోయే చోట పిల్లలకు తప్పకుండా నేర్పాలి. "మా అమ్మకు కళ్ళు కావాలి" అనబోయి "కల్లు కావాలి" అంటే ఎంత అప్రతిష్ఠ! కల వేరు, కళ వేరు. వేలు లెక్క పెట్టడం వేరు, భోజనం వేళ వేరు. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. శుభలేఖలు అచ్చు వేయించేటప్పుడు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. కొందరు ఒత్తు పెడితేనే గొప్ప అనుకుని బాధను "భాద" అనీ, బీభత్సాన్ని "భీభత్సం" అనీ అంటుంటారు. లేని చోట ఒత్తడమూ తప్పే.

నేర్పడానికి ఇంట్లో ఉన్న మాటలే చాలు. "ణ" రాని పిల్లచేత ముందు "గంట" అనిపించండి. "గం" దగ్గర నాలుక ఎక్కడ ఆగిందో, "ణ"కు చోటు అదే. శ, ష, స తికమక పడుతుంటే ఆశ్చర్యం, కష్టం, పుస్తకం అనే మూడు మాటలు చెప్పించండి. "చ" పలికే చోట "శ", "ట" పలికే చోట "ష", "త" పలికే చోట "స" వాటంతట అవే వస్తాయి. ఒత్తక్షరాలకు పెదవుల ముందు పల్చని కాగితం ముక్క పట్టుకోండి. "పలక" అంటే కదలదు, "ఫలం" అని ఒత్తి పలికితే రెపరెపలాడుతుంది. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది.

పెద్ద పేర్లను విడగొట్టి చెప్పాలి. జ్యోత్స్న అన్న పేరు ఎంత చక్కనిదో అంత కష్టం. చాలా ఇళ్ళలో అది "జోస్న" అయి కూర్చుంటుంది. "జ్యోత్" అని ఒక్క క్షణం ఆగి, స్నానంలోని "స్న" కలపమనండి, వచ్చేస్తుంది. అన్నట్టు, పుట్టిన బిడ్డకు పేరు పెట్టేముందు ఆ పేరును బామ్మగారిచేత, వీధిలో ఆడుకునే పిల్లలచేత ఒకసారి అనిపించి చూడండి. రోజూ పిలిచేది వాళ్ళే కదా!

ఇంకొక ముఖ్యమైన మాట. "ర", "ష" వంటివి పిల్లలకు ఆలస్యంగా పలుకుతాయి. కొందరికి 5, 6 ఏళ్ళు కూడా పడుతుంది. కంగారు పడనక్కరలేదు. కానీ వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడకపోయినా, మాటలు బొత్తిగా స్పష్టంగా లేకపోయినా ముందు చెవి డాక్టరుకు చూపించండి. సరిగా వినిపించని పిల్లకు సరిగా పలకడం ఎలా వస్తుంది చెప్పండి? మాట తిరగడానికి వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. పసిపిల్లలకు దానివల్ల వాంతులై ప్రమాదం కలగవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

మా రవి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మర్నాటి నుంచి ఇంట్లో "లైలు" వేడుక మానేశాం. వాడు "లైలు" అంటే నవ్వకుండా, తప్పు అనకుండా, "అవును నాన్నా, రైలు వచ్చింది" అని నేను సరిగా అనేదాన్ని. డుర్‌ర్‌మని మోటారు నడిపే ఆట ఆడుకునేవాళ్ళం. ఆరో ఏడు వచ్చేసరికి "ర" దానంతటదే పలికింది. ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు, అన్ని అక్షరాలూ చక్కగా పలుకుతాడు. అయినా కొత్తవాళ్ళు పేరడిగితే ఒక్క క్షణం ఆగి చెబుతాడు. ఆ ఆగడం మరెవరికీ తెలియదు, నాకు తెలుసు. మీ ఇంట్లో పిల్లలు ముద్దుముద్దుగా తప్పు పలికినప్పుడు మురిసిపొండి, కానీ నలుగురిలో నవ్వకండి.