విప్పుటయు విద్యయే

వామనుడు త్రివిక్రముడైన కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే. త్రివిక్రముడు తిరిగి వామనుడు కావలసిన సందర్భం మాత్రం నేటి లోకంలో ఒకటి కనబడుతున్నది. వీధిలో దర్జాగా సాగిపోయే సైకిలు విమానమెక్కవలసి వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని, కాళ్ళు విప్పుకొని, ఒక అట్టపెట్టెలో ఒదిగి కూర్చోవలెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలనుండి పైచదువులకై విదేశాలకు పోయే పిల్లలు నేడు అరుదు కారు. వారందరూ సైకిలును వెంట తీసికొని పోరు. కాని తీసికొని పోదలచినవానికి ఎదురయ్యే ప్రశ్న చిన్నది కాదు. ఇన్ని కొసలున్న వస్తువు ఎవరెవరి చేతులలోనో పడి, దొర్లి, సముద్రాలు దాటినా చెడకుండా చేరడమెట్లు?

నిజానికి సైకిలుకూ విమానానికీ చుట్టరికం పాతది. రైట్ సోదరులు అమెరికాలోని డేటన్ పట్టణంలో 1892లో సైకిళ్ళ దుకాణం పెట్టినవారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానంలో ఇంజను బలాన్ని పంకాలకు చేరవేసినవి సైకిలులో ఉండేవంటి పళ్ళచక్రాలు, గొలుసులే. కనుక సైకిలును మోసుకొని పోయే విమానాన్ని, తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారునితో పోల్చినా తప్పు లేదు.

సైకిలును పెట్టెలో సర్దే విద్యకు గురువుకోసం దూరం పోనక్కరలేదు. మన బజారులోని సైకిలు షాపులోనే ఆయన ఉన్నాడు. సైకిళ్ళ తయారీకి పేరుపొందిన లూధియానావంటి చోట్లనుండి కొత్త సైకిళ్ళు మన ఊళ్ళకు నిలబడి రావు. విడిభాగాలుగానో, సగం బిగించిన రూపంలోనో వస్తాయి. గేర్ల సైకిళ్ళు తరచు అట్టపెట్టెలలోనే దిగుతాయి. వాటిని విప్పి, బిగించి, చక్రం వంకర తీర్చి నడిపించేవాడు షాపు మెకానిక్. ఆయన వరుసగా చేసే పనిని ప్రయాణికుడు తలక్రిందుగా చేయవలెను. పదిహేడవ శతాబ్దంలో వేంకటాధ్వరి సంస్కృతంలో రచించిన ‘రాఘవయాదవీయం’ ముందునుండి చదివితే రామకథ, వెనుకనుండి చదివితే కృష్ణకథ. అనులోమం తెలిసినవానికే విలోమం సాధ్యం. సైకిలు విషయమూ అంతే. బిగించడం తెలియనివాడు విప్పితే మిగిలేది సైకిలు కాదు, ఇనుప సామాను.

మొదట షాపువారినడిగి, కొత్త సైకిలు వచ్చిన ఖాళీ పెట్టె నొకదానిని సంపాదించవలెను. తరువాత పెడళ్ళు. ఇక్కడనే కొత్తవాని పరువు పోతుంది. కుడి పెడలు మర మామూలుగా విప్పుకొంటుంది. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది. తెలియక బలం చూపినకొద్దీ అది మరింత బిగుసుకొంటుంది. పెడలుకు పైభాగాన పానా నిలిపి, సైకిలు వెనుకవైపునకు త్రిప్పితే రెండు పెడళ్ళూ ఊడి వస్తాయని గుర్తుంచుకొంటే చాలు. ఎడమదానికి ఈ ఎదురు మర ఎందుకు? త్రొక్కుడు ఒత్తిడికి అది తనంతట తాను వదులై పోకుండా ఉండేందుకు. భౌతికశాస్త్ర ఉపాధ్యాయునికి ఇదొక మంచి పాఠం.

సీటు గొట్టాన్ని తీసే ముందు అది ఎంత ఎత్తున ఉన్నదో దానిపై టేపుతో గుర్తు వేయవలెను. హ్యాండిలును వదులుచేసి ఫ్రేముకు ప్రక్కగా త్రిప్పి కట్టవలెను. ముందు చక్రం తీసిన తరువాత ఫోర్కు రెండు కొసలూ దిక్కులేనివై పోతాయి. పైనుండి బరువు పడితే లోపలికి వంగుతాయి. కనుక వాటి మధ్య చక్రపు ఇరుసంత పొడవున్న కొయ్యముక్కను నిలపవలెను. ఇరుసు కొసలు అట్టను చీల్చకుండా గుడ్డ చుట్టవలెను. డిస్కు బ్రేకులుంటే వాటి రేకుల మధ్య దళసరి కాగితం దోపవలెను. నట్లు, బోల్టులు అన్నీ ఒక సంచిలో వేసి ఫ్రేముకే కట్టవలెను. పెట్టెకు చిల్లి పడితే మొదట జారిపోయేవి అవే. చిన్న నట్టు లేక పెద్ద సైకిలు నిలిచిపోయిన ఉదంతాలు లోకంలో కొల్లలు.

ఇక టైర్లలో గాలి మాట. ఆకాశంలో టైరు పగులుతుందని చాలమంది భయం. లెక్క చూద్దాం. సముద్రమట్టాన గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌన్లు. ప్రయాణికుల విమానం లోపలి ఒత్తిడి సుమారు 8000 అడుగుల ఎత్తున ఉండేదానికి తగ్గకుండా చూస్తారు. అది దాదాపు 11 పౌన్లు. అంటే టైరుమీద అదనంగా పడే భారం నాలుగు పౌన్ల లోపే. బయట శూన్యమే ఉన్నా పెరిగేది 14.7 మాత్రమే. అయినా గాలి తగ్గించమని విమాన సంస్థలు అడగడం కద్దు. తగ్గించవలసినదే, కాని పూర్తిగా తీయరాదు. కొంచెం గాలి ఉంటే చక్రానికి అది పరుపువలె కాపుదల.

నిబంధనలు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరు. అమెరికా ప్రయాణంలో సాధారణ తరగతిలో ఒక్కొక్క సామానుకు 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిసి 158 సెంటీమీటర్లు అన్న హద్దు తరచు వినబడుతుంది. సైకిలు పెట్టె ఆ కొలతను దాటుతుంది. కనుక టిక్కెట్టు కొనే ముందే అడిగి తెలిసికొనవలెను. పంక్చరు సొల్యూషన్ నిప్పంటుకొనే వస్తువు. దానిని ఇక్కడే విడిచిపోవలెను. పానాలు చేతిసంచిలో గాక పెట్టెలోనే ఉండవలెను. బ్యాటరీ సైకిలైతే మాట వేరు. 160 వాట్ అవర్లు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానీయరు.

అట్టపెట్టె గదా, ఆగుతుందా అన్న సందేహం సహజం. ముడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో పేటెంటు పొందినవారు దానిని ఉద్దేశించినది టోపీల లోపలి అస్తరుకు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ దానిని గాజు సామాను చుట్టడానికి వాడినాడు. ముడతలు నిలువుగా ఉన్నప్పుడు అవి వరుస స్తంభాలవలె బరువు మోస్తాయి. తడిస్తే మాత్రం ఆ బలం పోతుంది. సూర్యాపేట, కోదాడలనుండి 65వ జాతీయ రహదారిమీద శంషాబాదు పోయేవారు వానాకాలంలో ఈ మాట మరువరాదు.

ఇంతవరకు చెప్పినది పెట్టె కట్టే సంగతి. అసలు పరీక్ష ఆవలి ఒడ్డున ఉన్నది. అక్కడ పెట్టె విప్పినప్పుడు మన షాపు మెకానిక్ ప్రక్కన ఉండడు. పరదేశాలలో చేతిపని కూలి ప్రియం. ఇక్కడ ఆయనకు నాలుగు డబ్బులిచ్చి పెట్టె కట్టించుకొని పోయినవాడు అక్కడ నిస్సహాయుడు. ప్రక్కన కూర్చొని, తన చేతితో ఒకసారి విప్పి, ఒకసారి బిగించి చూచినవాడు అక్కడ స్వతంత్రుడు. మరలు, తులాదండాలు, ఒత్తిడి సూత్రాలు పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకొన్న పిల్లలలో ఎందరు పానా పట్టినారు? ఈ లోపం పిల్లలది కాదు. చేతిపనిని చదువుకు బయట నిలబెట్టిన మన పద్ధతిది.

సైకిలంటే చిన్నచూపు కూడదు. తెలంగాణ రైతాంగ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడైన తరువాత పార్లమెంటుకు సైకిలుమీదనే వెళ్ళిన సంగతి ప్రసిద్ధం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక శనివారం మీ బడికి ఒక పాత సైకిలును తెప్పించండి. వీధి చివరి షాపు మెకానిక్‌ను పిలిపించి, కుర్చీ వేసి, ఆ పూటకు ఆయననే గురువుగా నిలపండి. ఆయన విప్పుతుంటే పిల్లలు పేర్లు వ్రాసుకోవలెను. పిల్లలు బిగిస్తుంటే ఆయన తప్పులు దిద్దవలెను. ఆ పిల్లలలో విమానమెక్కేవారు కొందరే కావచ్చు. ఎడమ పెడలు ఏ వైపు త్రిప్పవలెనో మాత్రం అందరికీ తెలిసి ఉంటుంది.