అనుమతి లేకపోవడమే కారణమా? నానక్‌రామ్‌గూడ భవన పతనం, నిపుణ సాక్ష్యం

2016 డిసెంబరు 8 రాత్రి ఐటీ కారిడార్‌లోని నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. విజయనగరం, ఛత్తీస్‌గఢ్‌ల నుండి వచ్చిన వలస కూలీల కుటుంబాలు ఆ శిథిలాల కింద నలిగిపోయాయి. ‘అనుమతి లేని కట్టడం’ అన్నది అధికారుల వివరణ. అది ఉల్లంఘనను తెలుపుతుందే గాని పతనాన్ని వివరించదు. అనుమతి లేని భవనాలు నగరంలో ఎన్నో నిలిచే ఉన్నాయి. లోపం పునాదిదా, స్తంభాలదా అన్నది తేలితేనే నిర్మాత నేరం అప్పటి భారతీయ శిక్షాస్మృతి 304వ సెక్షన్ కిందికి వస్తుందో, కేవలం నిర్లక్ష్యమై రెండేళ్ల శిక్షకు పరిమితమైన 304-ఎ కిందికి వస్తుందో నిర్ణయించగలం. ఇంజనీర్ల నివేదిక అప్పటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ ప్రకారం అభిప్రాయమే. దానికి ఆధారమైన శాస్త్రీయ ప్రమాణాలను నిపుణుడు కోర్టు ముందుంచాలని జైలాల్ కేసులో (1999) సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగవలసింది ఇది: కాంక్రీటు నమూనాలు ఏ స్తంభం నుండి, ఎప్పుడు తీశారు? చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రాణాలు కాపాడే తొందరలో యంత్రాలు ఎత్తిపోసే శిథిలాలే కేసుకు ప్రధాన సాక్ష్యం కూడా.