ఒక్క రోజులో రాజమండ్రి: వెయ్యేళ్ల ఊరిని పిల్లలకు చూపించేదెలా?

గోదావరి జిల్లాల్లో చాలా కుటుంబాలకు రాజమండ్రి అంటే ఆస్పత్రి, బట్టల షాపులు, రైల్వే స్టేషన్. పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరిపోతారు. సెలవులొస్తే పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్లి చార్మినార్ చూపించేవాళ్లు ఉన్నారు గానీ, చార్మినార్ కన్నా 267 ఏళ్లు పాతదైన మసీదు శాసనం తమ పక్క ఊళ్లోనే ఉందని వారిలో ఎంతమందికి తెలుసు?

రాజమహేంద్రవరం పేరు తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడితో ముడిపడి ఉంది. 11వ శతాబ్దంలో ఆయన కోరిక మీదనే నన్నయ మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. ఇవాళ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ప్రతి కుటుంబానికీ, ఏ మతం వారైనా సరే, ఈ ఊరితో ఆ మేరకు చుట్టరికం ఉన్నట్టే. ఊరి ముఖ్యమైన చోట్లన్నీ ఒక్క రోజులో చూసి రావచ్చు. పొద్దున్నే బయలుదేరాలి, అంతే.

పొద్దున: గోదావరి గట్టు

కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు రాజమండ్రి పెద్ద స్టేషన్ దాకా వెళ్లకుండా, ఆ రైలు ఆగితే గోదావరి స్టేషన్‌లోనే దిగవచ్చు. పాత వంతెన అక్కడికి దగ్గరే.

ఆ పాత వంతెనే హేవలాక్ వంతెన. పనులు 1897 నవంబరులో మొదలయ్యాయి. 1900 ఆగస్టు 30న రాకపోకలకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నర్ హేవలాక్ పేరు దీనికి పెట్టారు. మొత్తం 56 ఖానాలు, పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. 1997లో దీని మీద రైళ్లు ఆపేశారు. అప్పటికే 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన వచ్చింది. 1997లో విల్లు ఆకారపు కమానులతో కాంక్రీటు వంతెన కూడా వచ్చింది. పాత వంతెన కట్టక ముందు ఇంత వెడల్పు నదిని జనం పడవల మీదే దాటేవారని చెబితే, మూడు వంతెనలూ చూస్తున్న పిల్లలకు కాలం ఎంత మారిందో అర్థమవుతుంది.

గట్టు వైపే రాళ్లబండి సుబ్బారావు పేరిట ఉన్న ప్రభుత్వ మ్యూజియం, దామెర్ల రామారావు చిత్రశాల ఉన్నాయి. సుబ్బారావు చరిత్రకారుడు. ఆంధ్ర చరిత్రను శాస్త్రీయంగా పరిశోధించడానికి 1922లో ఆంధ్ర చరిత్ర పరిశోధక మండలి ఈ ఊళ్లోనే ఏర్పడింది. రామారావు 1897లో పుట్టి బొంబాయిలో చిత్రలేఖనం చదివాడు. మశూచి సోకి 1925లో, 28వ ఏటనే చనిపోయాడు. అంత తక్కువ కాలంలో ఆయన వేసిన బొమ్మలు చూస్తే పెద్దవాళ్లు కూడా కాసేపు నిలబడిపోతారు.

మధ్యాహ్నం: 1324 నాటి మసీదు

జుహర్ నమాజు వేళకు పాత పట్టణంలోని జామియా మసీదుకు చేరుకునేలా చూసుకుంటే రెండు పనులూ అవుతాయి. ఇక్కడి ద్వారం మీద ఉన్న ఫార్సీ శాసనం ప్రకారం హిజ్రీ 724 రంజాన్ నెలలో, అంటే 1324 సెప్టెంబరులో, సాలార్ ఉల్వీ అనే అధికారి ఈ మసీదు కట్టించాడు. అప్పుడు ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ సుల్తాను. అంతకు ముందు ఏడాదే ఆయన కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించాడు. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనం ఎక్కింది ఈ ఉలుగ్ ఖానే. చార్మినార్ 1591 నాటిది. లెక్క వేసుకుంటే తేడా తెలుస్తుంది.

ఈ మసీదు గురించి పిల్లలకు చెప్పేటప్పుడు సగం చెప్పి సగం దాచకూడదు. తుగ్లక్ సైన్యం ఇక్కడికి యుద్ధం చేసుకుంటూనే వచ్చింది. మసీదు ఉన్న చోట అంతకు ముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదన్న కథనం ఊళ్లో ఉంది. పిల్లవాడికి ఆ మాట రేపు స్కూల్లోనో ఫోన్‌లోనో ఎదురవుతుంది. దాన్ని కోపంతో కాకుండా, తెలివితో వినగలగాలంటే ముందు ఇంట్లోనే విని ఉండాలి. ఆ కాలంలో రాజులు, సుల్తానులు రాజ్యాల కోసం కొట్టుకున్నారు. ఓడినవారిలోనూ గెలిచినవారిలోనూ నష్టపోయింది మామూలు జనమే. ఆ యుద్ధాలకు ఇవాళ పక్కపక్క ఇళ్లలో ఉండేవాళ్లు బాధ్యులు కారు.

ఢిల్లీ పాలన ఇక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. ఆ తర్వాత రెడ్డి రాజులు రాజమండ్రిని రాజధాని చేసుకున్నారు. వారి తర్వాత ఒడిశా గజపతులు పాలించారు. 1570ల మొదట్లో గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. తర్వాత మొఘలులు, నిజాములు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లిష్ సైన్యం ఫ్రెంచివాళ్లను ఓడించింది. ఇన్ని జెండాలు మారినా నది మారలేదు, ఊళ్లో జనం మాట్లాడే తెలుగూ మారలేదు.

మసీదు చూడ్డానికి వెళ్లేవాళ్లు జమాత్ సమయం కాకుండా చూసుకోవాలి. ఆడవాళ్లు లోపలికి వచ్చే వీలు, వుజూకు చోటు గురించి ముందే మసీదు వాళ్లను అడిగి తెలుసుకుంటే ఇబ్బంది ఉండదు. శాసనం మీద చెయ్యి పెట్టి రుద్దడం, సున్నం, రంగు పూయడం లాంటివి అక్షరాలను చెరిపేస్తాయి. ఏడు వందల ఏళ్లు నిలిచిన రాతను కాపాడే బాధ్యత ముందుగా అక్కడ నమాజు చేసేవారిదే.

భోజనం తర్వాత: వీరేశలింగం ఇల్లు, టౌన్ హాలు

కందుకూరి వీరేశలింగం 1848లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆ రోజుల్లో పసిపిల్లలకు పెళ్లిళ్లు చేసేవారు. మొగుడు పోతే ఆ పిల్ల జీవితాంతం విధవగానే ఉండాలి. వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. కులం వాళ్లు వెలివేసినా, భార్య రాజ్యలక్ష్మమ్మ ఆయన పక్కనే నిలబడింది. ఆయన 1890లో టౌన్ హాలు కట్టించారు. ఆయన ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది.

ముస్లిం కుటుంబాలకు ఈ ఇల్లు వేరే ప్రశ్న కూడా వేస్తుంది. ఇద్దత్ పూర్తయిన స్త్రీ మళ్లీ నికాహ్ చేసుకోవడానికి ధర్మంలో అడ్డు లేదు. కానీ ఇద్దరు పిల్లలతో మిగిలిపోయిన కూతురికో చెల్లికో సంబంధం చూడాలంటే, "నలుగురూ ఏమనుకుంటారో" అని వెనకాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అనుమతి ఉన్నా ఆచరణకు ధైర్యం కావాలి. వీరేశలింగం ఇంట్లో చూడాల్సింది ఆ ధైర్యాన్నే.

సాయంత్రం: ధవళేశ్వరం

రాజమండ్రి నుంచి ఆటోలో ధవళేశ్వరం చేరుకోవచ్చు. ఆనకట్ట కట్టక ముందు డెల్టా పరిస్థితి వింటే ఆశ్చర్యం వేస్తుంది. కరువులు, తుపానులు, వలసలతో రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేల నుంచి 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే అంత నది ఉండి, అన్నం లేక జనం ఊళ్లు వదిలారు.

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో పనులు మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా ఉన్నాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నది పాయల మీద కట్టారు. పాత ఆనకట్ట చోట 1970ల తర్వాత ఇప్పటి బ్యారేజీ వచ్చింది. కాటన్ మ్యూజియంలో ఆ కాలపు పనిముట్లు, నమూనాలు చూసి, తర్వాత బ్యారేజీ మీదికి వెళ్తే చదివింది కళ్లముందు కనిపిస్తుంది. ఇక్కడి నుంచి కాలువల్లోకి వెళ్లే నీటితో సుమారు 10 లక్షల ఎకరాలు పండుతాయి. ఇంట్లో వండే బియ్యం ఏ కాలువ కింద పండిందో తాతయ్యనో నానీనో అడగమని పిల్లలకు చెప్పవచ్చు. ఊరి పేరుతో సహా చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు.

బయలుదేరే ముందు

మ్యూజియాలకు వారపు సెలవు, ప్రభుత్వ సెలవులు ఉంటాయి కాబట్టి ముందు రోజే కనుక్కోవాలి. శుక్రవారం అయితే జుమా రద్దీలో మసీదు శాసనం నిదానంగా చూడ్డం కుదరదు. ఎండాకాలంలో ఉదయం 11 లోపు గట్టు పని ముగించాలి. వర్షాకాలంలో వరద హెచ్చరిక ఉంటే రేవుల్లో మెట్లు దిగకూడదు. ముసలివాళ్లు ఉంటే ఒక ఆటో రోజంతా మాట్లాడుకోవడం మేలు. బ్యారేజీ దగ్గర అస్ర్ దాటాక గాలి చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరితే మగ్రిబ్ వేళకు రాజమండ్రి చేరుకుని, రాత్రి బండికి ఇంటికి వెళ్లిపోవచ్చు.