కేసు నడిచినంత కాలం పేజీ ఉండాలి: ఉచిత వెబ్ ఎడిటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. ఆ శిక్షలను హైకోర్టు 2014లో కొట్టేసింది. అంటే మొదటి తీర్పుకు 16 ఏళ్లు, రెండోదానికి 23 ఏళ్లు. ఆనాటి నిజనిర్ధారణ నివేదికలు చిన్న పుస్తకాలుగా అచ్చయ్యాయి. కాగితం పసుపెక్కినా ఎవరో ఒకరి అలమరలో దొరుకుతాయి. ఇప్పుడు మన సంఘాలు, విద్యార్థి బృందాలు నివేదికను ముందు వెబ్‌లోనే పెడుతున్నాయి. ఆ పేజీ 16 ఏళ్లు ఉంటుందా అని పెట్టే రోజున ఎవరూ అడగరు.

జియోసిటీస్ 1994లో మొదలైంది. లక్షల మంది అందులో ఉచితంగా పేజీలు కట్టుకున్నారు. యాహూ 2009లో దాన్ని మూసేసింది, జపాన్ విభాగం ఒక్కటే మరో పదేళ్లు నడిచింది. చుండూరు కేసులో మొదటి తీర్పు రావడానికి పట్టిన కాలం కూడా అది బతకలేదు. కాబట్టి ఏ ఎడిటర్‌తో పేజీ తయారుచేస్తున్నామన్నది 'కంప్యూటర్ తెలిసిన కుర్రాడు చూసుకుంటాడులే' అని వదిలేసే విషయం కాదని మా అభిప్రాయం.

విజువల్ ఎడిటర్ అంటే, మనం వర్డ్‌లో టైప్ చేసినట్టే చేసుకుంటూ పోతే వెనక తానే హెచ్‌టీఎమ్‌ఎల్ రాసిపెట్టే సాధనం. తెర మీద అన్ని ఎడిటర్ల పేజీలూ అందంగానే కనిపిస్తాయి. తేడా అంతా వెనక రాసిన దాంట్లోనే ఉంటుంది. బాగా రాస్తే దాన్ని 'క్లీన్ కోడ్' అంటారు. శుభ్రత అనే మాటను మన మీద ఎలా వాడారో తెలిసినవాళ్లం కాబట్టి మేం దాన్ని 'సాదా కోడ్' అంటాం. అసలు విషయానికి ఆ మాటే ఎక్కువ నప్పుతుంది కూడా.

సాదా కోడ్‌లో శీర్షికను శీర్షిక అని, పేరాను పేరా అని, పట్టికను పట్టిక అని రాస్తారు. చెత్త కోడ్‌లో శీర్షిక అనే గుర్తే ఉండదు. 'ఈ అక్షరాలు 18 సైజు, బోల్డ్, నల్లరంగు' అని మాత్రం ఉంటుంది. చూపున్నవాళ్లకు రెండూ ఒకటే. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో చదివే అంధ విద్యార్థికి మాత్రం మొదటి పేజీలో ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకే వీలుంటుంది. రెండో పేజీని మొదటి నుంచి చివరి దాకా వినాల్సిందే. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించడం కూడా ముఖ్యం. చాలా ఎడిటర్లు అడగకుండానే ఇంగ్లిష్ అని రాసేస్తాయి. అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. పాత ఎడిటర్లలో పేజీ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-8859-1 అని ఉంటే, అందులో తెలుగు అక్షరాలకు చోటే లేదు. అందుకని 'క' అనే అక్షరాన్ని &#3093; అని అంకెల్లో రాసేస్తుంది. బ్రౌజర్‌లో 'క' అనే కనిపిస్తుంది, తప్పు బయటపడదు. కానీ యూటీఎఫ్-8లో 3 బైట్లు పట్టే అక్షరం ఇప్పుడు 7 బైట్లు. నలభై పేజీల నివేదికను రోజువారీ డేటా ప్యాక్ మీద ఫోన్‌లో తెరిచేవాళ్లకు అది భారమే. అంతకన్నా పెద్ద ఇబ్బంది, రేపు కోడ్‌లో ఒక ఊరి పేరు సరిదిద్దాలంటే మనిషి చదవగలిగే తెలుగే అక్కడ ఉండదు. టైప్ చేయడం మొదలుపెట్టకముందే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చూసుకోవాలి. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో ఇచ్చిన మేటర్‌నైతే ఏ ఎడిటర్‌లోనూ నేరుగా అతికించకూడదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

ఇక వర్డ్ నుంచి కాపీ చేసే అలవాటు. దీన్ని మేం కేవలం బద్ధకంగా చూడటం లేదు. వర్డ్‌లో ఫైల్‌ను మామూలు 'వెబ్ పేజ్'గా సేవ్ చేస్తే, ఆ ఫైల్ మొదట్లో డాక్యుమెంట్ వివరాలు కూడా చేరతాయి. రాసినవారి పేరు, చివరిసారి సేవ్ చేసినవారి పేరు అందులో ఉంటాయి. తెర మీద కనిపించవు, కానీ బ్రౌజర్‌లో 'వ్యూ సోర్స్' నొక్కిన ఎవరికైనా దొరుకుతాయి. వాంగ్మూలాలు టైప్ చేసింది ఆ ఊరి విద్యార్థే అయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో చేరిన 15ఏ సెక్షన్ సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపడకుండా చూసే అధికారం ప్రత్యేక కోర్టుకిచ్చింది. చట్టం దాచమన్నదాన్ని మన పేజీ కోడ్ బయటపెట్టకూడదు కదా. వర్డ్ నుంచే సేవ్ చేయక తప్పకపోతే 'ఫిల్టర్డ్' అన్న రకం ఎంచుకుని, ఆ తర్వాత కూడా సోర్స్‌లో పేర్ల కోసం వెతకాలి. దానికన్నా కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కి ఉత్త పాఠాన్ని మాత్రమే ఎడిటర్‌లో అతికించి, శీర్షికలు మళ్లీ పెట్టుకోవడం నయం. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో లొకేషన్ వివరాలు ఉండొచ్చు. అవి ఎడిటర్ పని కాదు, అప్‌లోడ్‌కు ముందే మనం తీసేయాలి.

మరి ఏది వాడాలి? పాత జాబితాల్లో ఇంకా కనిపించే కొంపోజర్ చివరి స్థిరమైన వెర్షన్ 2007 నాటిది. దానికి మూలమైన ఎన్‌వియూను రూపొందించిన డానియెల్ గ్లాజ్‌మనే తర్వాత బ్లూగ్రిఫన్ తెచ్చాడు. అది హెచ్‌టీఎమ్‌ఎల్5 రాస్తుంది, కానీ దాని అభివృద్ధీ ఆగిపోయింది. సీమంకీలోని కంపోజర్ తేలికైనది. పాత ప్రమాణంలో రాసినా, ఒకటి రెండు పేజీల నివేదికకు, మొదటిసారి నేర్చుకునేవాళ్లకు పనికొస్తుంది. లిబ్రె ఆఫీస్ నుంచి హెచ్‌టీఎమ్‌ఎల్ తీయొచ్చు గానీ ఫాంట్ గుర్తులు ఎక్కువ చేరతాయి.

వర్డ్‌ప్రెస్ గురించి అందరూ అడుగుతారు. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 నుంచి అందులో ఉన్న బ్లాక్ ఎడిటర్ నిజానికి సాదాగానే రాస్తుంది. దానికి పైన తగిలించే పేజ్ బిల్డర్లతోనే ఇబ్బంది. డబ్ల్యూపీ బేకరీ లాంటివి తీసేస్తే వ్యాసం నిండా చదరపు బ్రాకెట్లలో వాటి సొంత కోడ్ మిగులుతుంది. పైగా వర్డ్‌ప్రెస్‌కు సర్వర్, డేటాబేస్, ఎప్పటికప్పుడు అప్‌డేట్లు కావాలి. విద్యార్థి సంఘంలో ఆ పని చూసే వ్యక్తి రెండేళ్లలో చదువైపోయి వెళ్లిపోతారు. విక్స్‌లో కట్టిన సైట్‌నైతే ఎత్తుకుపోయి ఇంకో చోట పెట్టుకునే వీలే లేదు. ఉచితం అన్న మాట దగ్గర ఆగిపోకూడదనేది ఇందుకే.

ఇన్నింటిలో మేం సూచించేది పబ్లీ. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నెట్ లేకపోయినా మన కంప్యూటర్‌లోనే రాసుకోవచ్చు. చివరికి అది ఇచ్చేది డేటాబేస్ అవసరం లేని మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు. ఏ సర్వర్‌లోనైనా పెట్టొచ్చు, ఒకచోట మూతపడితే ఇంకోచోటికి మార్చొచ్చు. మెనూలు ఇంగ్లిష్‌లో ఉంటాయన్నది లోపమే, ఒక సాయంత్రం కూర్చుంటే అలవాటవుతుంది.

మా మాట మీద తీసుకోనక్కర్లేదు. మీరు చూస్తున్న ఎడిటర్‌లో ఒక ఉపశీర్షిక, రెండు పేరాల తెలుగు, తేదీల పట్టిక ఒకటి, ఒక ఫొటో పెట్టి సేవ్ చేయండి. ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెలుగు తెలుగుగానే కనిపిస్తోందా? శీర్షికకు శీర్షిక గుర్తే పడిందా? ఫొటోకు వివరణ రాసే చోటు ఉందా? మీరు రాసిన పాఠం కన్నా గుర్తులే నాలుగింతలుంటే ఆ ఎడిటర్ వద్దు. డబ్ల్యూత్రీసీ వారి ఉచిత వాలిడేటర్‌లో ఆ ఫైల్ పెడితే తప్పులు వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది.

సాదా పేజీ ఎలా ఉంటుందో చూడాలంటే కొలంబియా విశ్వవిద్యాలయం సైట్‌లో ఫ్రాన్సెస్ ప్రిచెట్ తయారుచేసిన అంబేద్కర్ 'కుల నిర్మూలన' పేజీలు చూడండి. హంగులేమీ లేవు. పేరాలకు అంకెలు వేశారు కాబట్టి పరిశోధక విద్యార్థి ఫలానా పేరా అని చూపించగలడు. నిజనిర్ధారణ నివేదికలకు కూడా ఈ పద్ధతి పెట్టాలి. వాంగ్మూలంలో ఏడో పేరా అంటే అందరికీ అదే పేరా దొరకాలి.

పేజీ పెట్టాక దాని చిరునామాను ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' దగ్గర ఇవ్వండి. మొత్తం ఫోల్డర్‌ను రెండు పెన్ డ్రైవ్‌లలో వేసి ఇద్దరి దగ్గర ఉంచండి. ఆ ఇద్దరిలో ఒకరైనా వేరే ఊరివాళ్లైతే మంచిది. నెట్ ఆపేసి, పెన్ డ్రైవ్‌లోంచే పేజీ తెరుచుకుంటోందో లేదో అప్పుడే చూసుకోండి.