వంటయింటి మరమ్మతు - ఇంటిల్లిపాది భోజనము

పడకగదికి సున్నము వేయించునపుడు మంచమును వసారాలోనికి మార్చిన చాలును. ముందుగది నేలను త్రవ్వించునపుడు వచ్చిన చుట్టములను చెట్టునీడను కూర్చుండబెట్టవచ్చును. వంటయింటి సంగతి అట్లు కాదు. ఆ గదిని మూసిన దినమున కూడ ఇంటివారికి ఆకలి వేళకే వేయును. సుతారి వచ్చి పాత గట్టును పగులగొట్టుటకు సగము దినము పట్టదు. ఆ గది మరల అన్నము పెట్టుటకు నెల, ఒక్కొక్కప్పుడు నెలన్నర పట్టును. ఈ నడిమి కాలమును గడుపుట యెట్లన్నదే నేటి ప్రసంగ విషయము.

రంగారెడ్డి జిల్లా మహేశ్వరము మండలమునందలి మంఖాల్ గ్రామమును దృష్టాంతముగా గైకొందము. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన పిదప ఆ చుట్టుప్రక్కల గ్రామముల జీవనమే మారినది. ఒకప్పుడు ప్రొద్దుపొడుపును, పశువుల రాకపోకలను బట్టి వంట సాగిన ఇండ్లలో నేడు గడియారమును బట్టి సాగుచున్నది. అదియు ఒక్క గడియారము కాదు. విమానాశ్రయముననో, సమీపపు కర్మాగారముననో వంతుల పని చేయువారుండు ఇంటిలో ఒకరికి తెల్లవారుజామున నాలుగింటికే అన్నపు డబ్బా సిద్ధము కావలెను. బడి బస్సు ఎక్కు పిల్లలకు ఏడింటికి కావలెను. వేళ తప్పక మాత్ర మ్రింగవలసిన తాతగారికి ఎనిమిదింటికి కావలెను. రాత్రి పని ముగించుకొని వచ్చువానికి అందరును తిన్న తరువాత కావలెను. ఇట్టి ఇంటిలో వంటయింటిని నెల దినములు మూయుట యనగా నడచుచున్న బండికి చక్రము మార్చుటయే.

ఇంతకును ఈ మరమ్మతుల అవసర మేమి వచ్చినది? పాత వంటయింటిని ఒకమారు తలచుకొందము. నేలపై మట్టిపొయ్యి, ప్రక్కన కట్టెలమోపు, పైన మసిబారిన దూలములు, గోడలో చేయి పట్టునంతటి కిటికీ. పీటపై కూర్చుండి వండుదురు. ఉప్పు, కారము, నీళ్ల బిందె అన్నియు చేతికందు దూరముననే యుండును. అమరిక దృష్టితో చూచిన అది చెడ్డ వంటయిల్లు కాదు. లేవకుండ పని జరిగిపోవును. చెడ్డది పొగ. ఆ పొగను వెడలగొట్టుటకు జరిగిన తొలి ప్రయత్నములలో ఒకటి మన హైదరాబాదుననే జరిగినదని నేటి గృహిణులలో ఎందరికి తెలియునో! హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజు ఒక పొగలేని పొయ్యిని రూపొందించి, పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. మట్టితోనే కట్టిన పొయ్యి. ఒకే మంటపై వరుసగా పాత్రలు. పొగ గొట్టము గుండ పైకప్పు దాటి వెలుపలికి పోవును. పొగ, మసి, వేడి, కట్టెల వృథా, అగ్నిభయము అను ఐదింటి నుండి స్త్రీలకు విముక్తి కలుగవలెనని ఆయన కోరెను.

తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వము దేశమంతట మెరుగైన పొయ్యిలను కట్టించు కార్యక్రమమును చేపట్టినది. 2002లో అది ముగియునాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టబడినవని లెక్కలు చెప్పుచున్నవి. కాని వానిలో అనేకము కొలది కాలముననే మూలబడినవి. గొట్టము పగిలినది, లేదా మసి పూడుకొనినది, బాగుచేయువారు లేకపోయిరి. పొయ్యి కన్నము ఒక కొలత, ఇంటిలోని గిన్నె మరియొక కొలత. పెద్ద రొట్టె కాల్చుటకు ఆ పొయ్యి వీలు కాలేదు. కట్టించినవారు పొగను గూర్చి చక్కగా ఆలోచించిరి. వండు మనిషిని అడుగుట మాత్రము మరచిరి. అటుపిమ్మట 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును, 2016లో కేంద్రము ఉజ్జ్వల పథకమును ప్రవేశపెట్టగా పేద ఇండ్లలోనికి కూడ గ్యాసు వచ్చినది. పొయ్యి మారినది గాని గది మారలేదు. మసిపట్టిన ఆ గదిలోనే ఒక షాబాదు బండను నిలువబెట్టి దానిపై గ్యాసు పొయ్యి పెట్టిన ఇండ్లెన్నియో కలవు. నేడు జరుగుచున్న మరమ్మతు అప్పుడు మిగిలిపోయిన ఆ సగము పనియే. కావున వండు మనిషిని అడుగకపోవుట అను పాత పొరపాటు ఈ పర్యాయము ఇంటిలో జరుగరాదు.

ఇక పనిలోనికి వత్తము. పాత వంటయింటిపై మొదటి సుత్తిదెబ్బ పడుటకు పూర్వమే తాత్కాలికపు వంటచోటు సిద్ధము కావలెను. సిద్ధమగుట యనగా, అక్కడ రెండు దినములు నిజముగా వండి చూచుట. ఏది మరచితిమో ఆ రెండు దినములలో తెలిసిపోవును. వెనుక వసారా గాని, గాలి వచ్చు ముందుగది మూల గాని తగిన చోటు. నీళ్ల నల్లాకు దగ్గరగా నుండిన సగము శ్రమ తగ్గును. మెట్లక్రింది మూసిన అర, తలుపు లేని పల్లపు గది పనికిరావు. గ్యాసు గాలికంటె బరువైనది; కారినచో పైకి పోక నేలను పట్టుకొని పల్లమునకు చేరును. బండ నిలువుగా, సమతలమున ఉండవలెను. పొయ్యి ఎప్పుడును బండకంటె ఎత్తున నుండవలెను. పాత రబ్బరు గొట్టమునకు మరియొక ముక్క అతికించి దూరము పెంచు పని ఎవరు చెప్పినను చేయవద్దు. విద్యుత్తు పొయ్యి వాడువారు మరియొక సంగతి గమనింపవలెను. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగును. దానికి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు చాలదు, 16 ఆంపియర్లది కావలెను. సుతారి రాళ్లు కోయు యంత్రమును, మీ పొయ్యిని ఒకే పొడిగింపు తీగకు తగిలించిన తీగ కాలుట నిశ్చయము.

సామానును సర్దుట వేరొక విద్య. దినమును వాడునవి ఎన్ని యని లెక్కించిన ఆశ్చర్యము కలుగును: రెండు గిన్నెలు, ఒక కుక్కరు, పెనము, గరిటెలు, తాలింపు డబ్బా, కంచములు. ఇవి మాత్రమే వెలుపల నుంచి తక్కినవన్నియు మూటగట్టవచ్చును. పెండ్లినాటి ఇత్తడి బిందెలు, ఇసుర్రాయి, రోలు మొదట తరలవలెను. అవి తరలనిదే నేల కనబడదు. ప్రతి మూటపై లోనున్న దానిని వ్రాయుట మేలు. లేనిచో ఇంగువ డబ్బా కొరకు పదునొకండు మూటలు విప్పవలసివచ్చును.

భోజన విషయమున మన తెలంగాణ వంటలు ఇట్టి కాలమునకే పుట్టినవా యనిపించును. పచ్చిపులుసునకు పొయ్యితో దాదాపు పనిలేదు. చింతపండు పిసికి, ఉల్లి, పచ్చిమిరప, ఉప్పు కలిపిన చాలును. తాలింపు వేసిన మంచిది, వేయకున్నను నష్టము లేదు. నువ్వులు, పల్లీలు, మొక్కజొన్నలు వేయించి సత్తుపిండి ముందుగనే చేసి డబ్బాకెత్తిన పిల్లలకు సాయంకాలపు చిరుతిండి సిద్ధము. మామిడి తొక్కు, కారప్పొడి, పెరుగు, అటుకులు ఉండనే యున్నవి. కూర ఒక్కటే, అన్నము రెండు పూటలకు ఒక్కమారే అని నియమము పెట్టుకొన్న ఇంటిలో తగవులు తగ్గును. తెల్లవారుజామున పనికి పోవువాని డబ్బా మాత్రము రాత్రియే కట్టి యుంచరాదు, వేసవిలో ముఖ్యముగా. చారుతో కలిపిన అన్నము తెల్లవారునప్పటికి పులియును. పొడి కలిపిన అన్నము, రొట్టె నయము. దినమును హోటలునుండి తెప్పించుకొందమనువారు వారము తిరుగునప్పటికి ఖర్చును, కడుపును రెంటిని చూచుకొని మనసు మార్చుకొందురు.

దుమ్మును చాలమంది చీపురుతో తీరు బాధ యనుకొందురు. నల్లరాతి పలకను యంత్రముతో కోయునపుడు లేచు తెల్లని ధూళిలో కంటికి కనబడనంతటి సన్నని సిలికా యుండును. అది ఊపిరితిత్తులలో చేరి మరల రాదు. ఏండ్ల తరబడి పీల్చిన కార్మికులకు సిలికోసిస్ అను నయముకాని వ్యాధి వచ్చును. కావున రాతి కోత వాకిట జరుగవలెను, నీరు పోయుచు జరుగవలెను, కోయు పనివాని ముక్కునకు తగిన కవచ ముండవలెను. పనివాడు అలవాటే యనినను, ఇంటి యజమాని పట్టుపట్టవలసిన విషయ మిది. పిల్లలను ఆ వేళ వెలుపలికి పంపుట మంచిది. వంటయింటి ద్వారమునకు తడిపిన పాత దుప్పటి వ్రేలాడదీసిన ధూళి చాలవరకు ఆగును.

వేగిరపాటును గూర్చి ఒక మాట. ఇంటివారు సుతారిని తొందరపెట్టుటకు పూర్వము సిమెంటు స్వభావము తెలిసికొనవలెను. అది ఆరుటవలన గట్టిపడదు, తడియుటవలన గట్టిపడును. సాధారణపు సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటైనచో 10 దినములు తడిపి యుంచవలెనని భారతీయ ప్రమాణము. బస్తాపై పి.పి.సి. అని వ్రాసియుండునది ఈ రెండవ రకమే. ఈ దినములను తగ్గించి గట్టుపై వెంటనే రాయి పరచిన, ఏడాదికే పగుళ్లు కనబడును. అట్లే మసిగోడపై నేరుగా రంగు వేయించుట డబ్బును గోడకు పూయుటయే. కొన్ని దినములలో పసుపుపచ్చని మరకలు పైకి తేలును. మసిని గీకించి, పాత పూత వదులైన చోట తీయించి క్రొత్త పూత పూయించవలెను. నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు గోడలో పోయిన పిదపనే పూత. పూత తరువాత తీగ గుర్తుకు వచ్చిన గోడను మరల చీల్చవలసినదే. ప్లగ్గు ఎక్కడ కావలెనో సుద్దముక్కతో గోడపై ముందుగా వ్రాసియుంచిన ఈ చిక్కు రాదు.

ఏ ఋతువున మొదలుపెట్టవలెను? వానకాలమున వసారాలో వంట సాగదు. నడివేసవిలో బోరు నీరు అడుగంటును, తడుపుటకు నీరే యుండదు. బతుకమ్మకు ముందు వంటయింటిని విప్పు సాహసము ఏ యింటి ఆడువారును ఒప్పుకొనరు. తొమ్మిది దినముల పండుగకు రకరకముల నైవేద్యములు కావలెను గదా. దసరా వెళ్లిన పిదప కార్తికమున మొదలుపెట్టుట నాకు మేలుగా తోచును, ఇంటిలో పెండ్లి లేకున్నచో.

ఇప్పుడు గట్టు ఎత్తు. సుతారులు ఒక అలవాటు కొలత పెట్టుకొని అందరి ఇండ్లలోను అదే కట్టుదురు. ఎవరు వండుదురో వారు చెప్పులు లేక నిలుచుండి మోచేయి మడచినప్పుడు, మోచేతికి 3, 4 అంగుళములు దిగువను గట్టు ఉండవలెను. పొయ్యికి తన ఎత్తు వేరుగా నున్నది గనుక పొయ్యి పెట్టు భాగము ఇంకను కొంచెము దిగువ నుండిన భుజము నొప్పి రాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అను స్త్రీ వాస్తుశిల్పి ప్రతి అడుగును లెక్కించి 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల వంటగదిని రూపొందించెను. దాదాపు 10,000 ఇండ్లలో అది అమర్చబడినది. నేటి అలమారుల వంటయిండ్లన్నియు దాని సంతతియే. కాని అది ఒక్క స్త్రీ ఒంటరిగా వండుటకు కొలిచిన గది. మన ఇండ్లలో అత్తగారు రొట్టె తట్టుచుండగా కోడలు కూర తాలింపు వేయును. కూతురు నీళ్ల సీసా కొరకు నడుమ దూరును. మోకాళ్ల నొప్పితో అత్తగారు నిలువలేరు, పీటపై కూర్చుండి రొట్టె తట్టుటయే ఆమె అలవాటు. ఒక మూల గట్టును తగ్గించి, ఎత్తైన స్టూలుపై కూర్చుండి పనిచేయునట్లు చేసిన ఆమె వంటయింటినుండి వెలివేయబడినట్లు బాధపడదు. క్రొత్త వంటయిల్లు ఎవరిది యన్న ప్రశ్న ఎందరి ఇండ్లలో నోరు విప్పక మెదలుచున్నదో చెప్పనక్కరలేదు.

మరమ్మతు దినములలో ఆడువారి పని రెట్టింపగును. వంట ఉన్నదే, గిన్నెలు దూరమున కడుగవలెను, పనివారికి తేనీరు ఈయవలెను, సాయంకాలము దుమ్ము ఊడ్వవలెను. ఉద్యోగము చేయు కోడలైన ఇవన్నియు దాని పైని పనులు. కనుక పని మొదలుపెట్టు దినముననే ఇంటి మగవారికి, ఎదిగిన పిల్లలకు పేరు పేరున పని పంచవలెను. నీళ్లు నింపుట ఒకరిది, గిన్నెలు మరియొకరివి, సుతారితో లెక్క చూచుట వేరొకరిది. సాయము చేయుదుము లెండి అన్న మాటతో గిన్నె తోమబడదు.

గట్టు ముగిసి గ్యాసును తిరిగి బిగించు దినమున పాలు పొంగించుట మన ఆచారము. దానికి ముందు సబ్బు నురుగును ప్రతి అతుకుపై పూసి చూడవలెను. బుడగ లేచిన అక్కడ కారుచున్నదని గుర్తు. అగ్గిపుల్లతో ఎన్నడును పరీక్షింపరాదు. వాసన వచ్చిన స్విచ్చులను ముట్టక, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. తాత్కాలికపు వంటచోటును మాత్రము అదే దినమున తీసివేయవద్దు. సింకు క్రింది గొట్టము కారుట, నీరు వాలు తప్పి గట్టుపై నిలుచుట వంటివి మొదటి వారముననే బయటపడును. అవి సరిచేయు రెండు మూడు దినములు వసారాలోని ఆ పాత పొయ్యియే మరల పిల్లల డబ్బాలు నింపవలసియుండును.