కారుకు కావలసింది నీడా, చూపా?

కారు కొనడం ఒక యెత్తు; కొన్న కారును నిలిపే చోటు చూసుకోవడం మరొక యెత్తు. మొదటిదానికి బ్యాంకువారు అప్పిస్తారు, బంధువులు సలహాలిస్తారు. కురుడుమలె గణపతి సన్నిధిలోనో, కాణిపాకం వినాయకుని గుడిముందరో పూజ జరుగుతుంది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలుగుతవి. రెండవదాన్ని గూర్చి మాత్రం బండి వాకిటికి వచ్చి నిలిచేదాకా ఇంటిల్లిపాదిలో ఎవరికీ ఆలోచన ఉండదు.

నిజం విచారిస్తే కారు పరుగెత్తే కాలం బహు స్వల్పం. దాని ఆయుస్సులో నూటికి 95 పాళ్ళు ఎక్కడో ఒకచోట నిలిచే ఉంటుందని నగర రవాణాను పరిశీలించినవారి అంచనా. ఇరవై ఏళ్ళు కాపాడుకొన్న పాత అంబాసిడర్ అయినా, నిన్న తెచ్చిన కొత్త బండి అయినా ఇందులో భేదం లేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతీ 800 కూడా ఆ ఏడే ఆగింది. అటువంటి బండి ఇంట్లో ఉన్నవారికి ఒక సొట్ట పడినా, ఒక అద్దం పగిలినా వస్తువు దొరకడమే కష్టం. కాబట్టి నిలిపే చోటు విషయం తీరికగా మాట్లాడుకోదగినదే.

ముళబాగిలు తాలూకాలోని బైరకూరు వంటి హోబళి ఊళ్ళనే తీసుకొందాము. ఇక్కడి పాత వీధులు ఎద్దుబండి కొలతకు ఏర్పడినవి. ఆ బండికి రాత్రి కాడి దించి, నొగలు పైకెత్తి గోడవార నిలిపేవారు. కారును అట్లా ఎత్తి నిలపలేము గదా! పండుగ వచ్చిందంటే బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి, తిరుపతి నుంచి పిల్లలు తమ తమ బండ్లతో దిగుతారు. ఒక్కొక్క ఇంటిముందు రెండేసి కార్లు. అప్పుడు అందరి కళ్ళూ వెతికేది ఒకటే: చెట్టునీడ.

ఈ నీడ దగ్గరనే మన ప్రాంతంలో చిక్కు ఉన్నది. చెట్టు ఊరికే నీడ ఇవ్వదు, బాడుగ వసూలు చేస్తుంది. రచ్చకట్ట చింతచెట్టు సాయంత్రానికి పక్షుల సత్రమవుతుంది. రెట్టలోని ఆమ్లం యెండకు కాలి రంగులోకి దిగి మచ్చ కడుతుంది. దాన్ని పొడిగుడ్డతో గీకకూడదు. తడిగుడ్డ కాసేపు వేసి, నానిన తరువాత మెల్లగా ఎత్తివేయాలి. వేపచెట్టు కొంత నయమే గాని, దాని సన్నని ఆకు ముందు అద్దం కిందనున్న కాలువలో చేరి వాననీటిని అడ్డగిస్తుంది. కొబ్బరిచెట్టు సంగతి చెప్పనక్కరలేదు. నీలగిరి కొమ్మ గాలికి హఠాత్తుగా విరిగి పడుతుంది; వాటిని కొత్తగా నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించినా, పాత తోపులు జిల్లా నిండా ఉన్నవి.

ఇక మామిడి. శ్రీనివాసపురం వైపు తోటలున్నవారికి ఇది తెలిసిన సంగతే. పూతకాలంలో తేనెమంచు పురుగు ఆకులమీద జిగురు విడుస్తుంది, ఆ జిగురుమీద నల్లని బూజు పడుతుంది. చెట్టుకింద రెండు రోజులుంచిన కారు మీదికి కూడా ఆ జిగురు దిగి, దుమ్మును పట్టి బంకగా తయారవుతుంది. ఫిబ్రవరి నెలలో మామిడినీడ కన్నా పలుచని రేకుల చాటు మేలని నా అభిప్రాయం.

కోలారు బంగారు గనుల ప్రాంతంలో బంధువులున్నవారు మరొకటి గమనించాలి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డవి. కాని ఖనిజం నూరి బంగారం తీసిన తరువాత మిగిలిన పిండి అక్కడే గుట్టలై ఉన్నది. సైనైడ్ గుట్టలని అక్కడివారు పిలిచే ఆ దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైబడిన ధూళి ఉన్నది. గాలులు వీచే నెలల్లో అది లేచి ఇళ్ళమీదా బండ్లమీదా పడుతుంది. అది రాయిని నూరిన పొడి. గుడ్డతో తుడిచారంటే కారు రంగు మీద ఉప్పుకాగితం రాసినట్లే. ముందు నీళ్ళు ధారగా పోసి కడిగి, తరువాతనే గుడ్డ తగిలించాలి. గుట్టకు గాలివాలున కాక ఇంటికి రెండవ వైపున నిలపగలిగితే సగం శ్రమ తప్పుతుంది.

పల్లెలో గడ్డివామి పక్కన ఖాళీ స్థలం ఎప్పుడూ ఊరిస్తుంటుంది. వామిలో ఎలుక ఉంటుంది. చలిరాత్రి దానికి వెచ్చని ఇంజను కన్నా సుఖమైన పడక ఏమున్నది? తీగలు కొరికిన తరువాత వచ్చే ఖర్చు ఒక మంచి మేక ధర. పొగాకు కాడలు కట్టేవారున్నారు, నాఫ్తలీను ఉండలు పెట్టేవారున్నారు. నాకు వీటిమీద అంత గురి లేదు. వామికి దూరంగా నిలిపి, బండి తీయకపోయినా రెండు రోజులకొకసారి బానెట్ ఎత్తి చూడడమే మంచిది. ఎలుక కన్నా పెద్ద భయం నిప్పు. దూరప్రయాణం చేసి వచ్చిన బండి పొగగొట్టం వందల డిగ్రీల వేడితో ఉంటుంది. దాన్ని ఎండుగడ్డి మీద నిలపడం పొయ్యిమీద నిలపడమే. మనవైపు రాగివెన్నులు, ఉలవచెట్లు తారురోడ్డు మీద పరచి, పోయే బండ్లచేత తొక్కించే అలవాటున్నది. ఆ తీగలు కారు అడుగున చుట్టుకొని మంట లేచిన సంఘటనలు కర్ణాటకంలో జరిగినవి. అటువంటి రోడ్డు దాటి వచ్చినవారు బండి నిలపగానే ఒకసారి వంగి అడుగున చూడాలి. పంచె మాసినా సరే.

చెరువు కింది పల్లం, మరవ పారే దారి, ఎండిన వంక: ఇవి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి మనలను నమ్మించే చోట్లు. 2021 నవంబరు వానలకు కోలారు జిల్లాలో ఎన్నో ఏళ్ళుగా నిండని చెరువులు నిండి మరవ పారినవి. నీట మునిగిన బండిని అక్కడికక్కడే స్టార్టు చేస్తే ఇంజనులోకి నీరు పీల్చుకొని లోపలి కడ్డీలు వంగుతవి. తోయించి పైకి తేవాలి, మెకానిక్కును పిలవాలి. మూడవ పక్షపు భీమా ఒక్కటే కట్టినవారికి ఈ నష్టంలో పైసా రాదు.

ఇన్ని చెప్పిన తరువాత, మరి ఎక్కడ నిలపాలి? నా మటుకు నీడ రెండవది, చూపు మొదటిది. ఇంట్లో వంటచేసే ఆమె కిటికీ నుంచి, అరుగుమీద కూర్చున్న తాతగారి కుర్చీ నుంచి కనబడే చోటే కారుకు మంచి చోటు. రంగు వెలిసిపోతుందంటారా? గుడ్డతొడుగు వేసుకోవచ్చు. దొంగకు తొడుగు అడ్డం కాదు, తాతగారి దగ్గు అడ్డం.

చూపులో ఉండాలనగానే వీధిలోనే నిలపమని కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ఇతరులకు అపాయమో ఆటంకమో కలిగేటట్లు బండిని నిలపరాదంటున్నది. మలుపు దగ్గర, కాలిబాట మీద, బడివాకిట, ఆసుపత్రి వాకిట నిలపకూడదని 2017 నాటి నియమాలు చెబుతున్నవి. జపానులోనైతే 1962 నుంచి ఇంకొక కట్టుబాటు ఉన్నది: నిలుపుకొనే చోటు ఉన్నదని చూపనిదే చాలా ఊళ్ళలో కారు నమోదు కాదు. మనకు అంత చట్టం లేకపోయినా పొరుగువారి మాట ఉన్నది. “అన్నా, రెండు రోజులు నీ గోడవార నిలుపుకొంటాను” అంటే, “నిలుపుకో తమ్ముడూ, తెల్లారి పాలక్యాన్ల బండి పోవల్ల, అంత దారి విడువు” అంటాడు. ఆ దారి పాలబండికే కాదు. రాత్రివేళ ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు వచ్చేదీ ఆ సందునే.

చివరగా, ఇంట్లో పిల్లలున్నవారు తప్పక చూడవలసిన సంగతి. ఇంతదాకా కారును కాపాడడం చెప్పాను. నిలిచివున్న కారు నుంచి కాపాడవలసినవారూ ఉన్నారు. 2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు చిన్నారులు ఆటలాడుతూ, నిలిపివుంచిన కారులోకి ఎక్కి, తలుపులు పడి, ఊపిరాడక చనిపోయారు. మనది సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తు చల్లని సీమ అని ధైర్యపడరాదు. బయట హాయిగా ఉన్న రోజున కూడా యెండలో మూసిన కారు లోపలి వేడి గంటలో ఇరవై డిగ్రీలకు పైగా పెరుగుతుందని, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుందని పరీక్షించి చూసినవారు తేల్చారు. అద్దం నాలుగు వేళ్ళు దించిపెట్టినా ఆ వేడి పెద్దగా తగ్గదు.

అందుకని దొడ్డిలో సొంత గోడల మధ్యనున్నా కారుకు తాళం వేయాలి. తాళంచెవి పిల్లల చేతికందని మేకుకు తగిలించాలి. పండుగకు వచ్చిన బంధువుల బండ్లకూ ఇదే వర్తిస్తుంది. సామాను దించిన హడావుడిలో డిక్కీ తెరిచి వదలడం వారికి మామూలు. వెనుక తలుపులకు పిల్లల తాళమనే మీట వేసి ఉంటే అవి లోపలినుంచి తెరుచుకోవు. కాబట్టి ముందు సీటులోకి దూకి తలుపు తీయడం, తీయలేకపోతే హారను నొక్కుతూనే ఉండడం పిల్లలకు ఒక ఆదివారం దగ్గర కూర్చోబెట్టి నేర్పాలి. చాలా కార్లలో తాళంచెవి లేకున్నా హారను మోగుతుంది. మీ బండిలో మోగుతుందో లేదో ముందు మీరు నొక్కి చూడండి. ఆటలో ఉన్న పిల్లవాడు పిలిస్తే పలకకపోతే బావి దగ్గరికి ఒకరు పరుగెత్తుతుండగానే, రెండవవారు కారు తలుపులూ డిక్కీ తీసి చూడాలి.